నాలుగు పుల్లలు, అయిదుగురం, ఒక గిన్నెడు అన్నం

ప్లేటు టేబుల్ మీద పెట్టేసి ఆ కుర్రాడు వెళ్ళిపోయాడు. నాలుగు చికెన్ సాటే పుల్లలు, అంటే పుల్లకి గుచ్చి కాల్చిన ముక్కలు, పక్కన చిన్న గిన్నెలో పల్లీ సాసు, ఇంకో బుల్లి గిన్నెలో వెనిగర్‌లో నానిన కీరా ముక్కలు. మేమేమో అయిదుగురం. అర నిమిషం ఎవ్వరూ చెయ్యి పెట్టలేదు, పెళ్ళిభోజనాల్లో ఆఖరి బొబ్బట్టు దగ్గర వచ్చే నిశ్శబ్దం ఉంటుంది చూడండి, అచ్చం అదే. మీరు తీసుకోండి, అబ్బే మీరు తీసుకోండి, నాకసలు ఆకలే లేదు... ఆకలి లేనివాళ్ళు కొండాపూర్ నుంచి జూబ్లీహిల్స్‌కి వాన ట్రాఫిక్‌లో గంటంపావు కూర్చుని ఎందుకొస్తారండీ. ఆఖరికి కరెంటాఫీసులో ముప్పై ఏళ్ళు లెక్కలు రాసి రిటైరైన మా బాబాయే ముందుకొచ్చి, ఫోర్కుతో పుల్లల్లోంచి ముక్కలన్నీ లాగేసి, "పదహారున్నాయర్రా, తలా మూడు, మిగిలిన ఒక్కటీ బిల్లు కట్టేవాడికి" అని తీర్పు చెప్పేసాడు. బిల్లు కట్టేది మా తమ్ముడు, బాబాయ్ కొడుకే, వాడి ముక్క వాడు తినేసాడు, గొడవ లేదు.

అసలు సంగతేంటంటే మా పిన్నికి కంటి ఆపరేషన్ అయ్యాక చెకప్ కోసం తెనాలి నుంచి ఇద్దరూ వచ్చారు, అది బాగానే ఉందన్నారు, అదే వారం తమ్ముడికి జీతం పెరిగింది, రెండూ కలిపి ఎక్కడికైనా తీసుకెళ్తానన్నాడు. ఎక్కడికైనా అంటే పిన్ని మనసులో బిర్యానీ, బాబాయ్ మనసులో భోజనం హోటలు, మా మరదలు మాత్రం ఇన్‌స్టాలో ఏదో థాయ్ స్ట్రీట్ ఫుడ్ ప్లేస్ చూసిపెట్టుకుంది. (మా ఆయన ఆన్‌కాల్ అని తప్పించుకున్నాడు, ఆదివారం సాయంత్రం ఆన్‌కాల్ ఏంటో నేనూ అడగలేదు.) "చిన్నచిన్న ప్లేట్లు వస్తాయమ్మా, అందరం షేర్ చేసుకోవాలి, అదే కాన్సెప్ట్" అని తమ్ముడు కార్లో చెప్తుంటే పిన్ని, "పదిమంది తినాలంటే పెద్ద గిన్నె ఉండాలి గానీ చిన్న ప్లేటేంట్రా" అంది. అప్పుడు నవ్వాం గానీ ఆవిడ అన్నదాంట్లో పాయింటుంది. షేరింగ్ అనేది హైదరాబాద్‌కి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు, బార్కస్ వైపు మండీ తిన్నారా ఎప్పుడైనా, సైకిల్ చక్రమంత పళ్ళెంలో అన్నం పోసి పైన మటన్ పెట్టి మధ్యలో పెడితే చుట్టూ కూర్చుని ఎవరి వైపునుంచి వాళ్ళు తవ్వుకుంటూ పోతారు, అక్కడ ఎవరూ ముక్కలు లెక్కపెట్టరు.

లోపల అలంకరణ గురించి ఎక్కువ చెప్పను. గోడలోంచి సగం టుక్‌టుక్ బయటికొచ్చినట్టు పెట్టారు, పింకు నియాన్ లైటులో థాయ్ అక్షరాలు, కూర్చోడానికి ప్లాస్టిక్ స్టూళ్ళే గానీ వాటి మీద కుషన్. రోడ్డు మీద తినే తిండిని ఏసీలోకి తెచ్చి, రోడ్డుని గోడ మీద బొమ్మగా వేసారన్నమాట. బాబాయ్ ఆ టుక్‌టుక్ చుట్టూ తిరిగొచ్చి "ఇది మన సెవెన్ సీటర్ ఆటోకి తమ్ముడు" అన్నాడు.

నేను 2019లో ఆఫీస్ పని మీద బ్యాంకాక్ వెళ్ళా, నాలుగు రోజులే. ఇక్కణ్ణుంచి ఫ్లైట్ మూడున్నర గంటలు. సాయంత్రమైతే యావోరాట్ అని వాళ్ళ చైనా టౌన్ ఉంటుంది, ఆ రోడ్డంతా పొగ, బళ్ళు, జనం. అక్కడ నాకర్థమైంది ఏంటంటే ఒక బండి మీద సాధారణంగా ఒకటే ఐటం ఉంటుంది. ఆయనకి నూడిల్స్ వస్తే నూడిల్సే, ఆవిడకి ఆమ్లెట్ వస్తే ఆమ్లెట్టే, ఏళ్ళ తరబడి అదే పని. జే ఫాయ్ అని ఒక పెద్దావిడ ఉంది మీరు వినే ఉంటారు, కళ్ళకి గాగుల్స్ పెట్టుకుని బొగ్గుల పొయ్యి దగ్గర పీత ఆమ్లెట్ వేస్తుంది, 2017 డిసెంబర్‌లో బ్యాంకాక్‌కి రెస్టారెంట్లకి స్టార్లిచ్చే మిషెలిన్ గైడ్ మొదటిసారి వచ్చినప్పుడు ఆవిడ కొట్టుకి స్టార్ ఇచ్చారు. నేను తినలేదు, క్యూ చూసి దణ్ణం పెట్టి వచ్చేసా. చెప్పొచ్చేదేంటంటే అక్కడ మనం ఒక బండి నుంచి ఇంకో బండికి నడుస్తూ తింటాం, ఆ నడకలోనే కాస్త అరుగుతుంది, మళ్ళీ ఆకలేస్తుంది. ఈ స్మాల్ ప్లేట్ల రెస్టారెంట్లు ఆ రోడ్డు మొత్తాన్ని ఒక టేబుల్ మీదకి తెద్దామని చూస్తాయి, కానీ నడక తేలేవు కదా. పైగా వంటింట్లో ఏది ముందైపోతే అది వచ్చేస్తుంది, ఒక పది నిమిషాలు ఏమీ ఉండదు, తర్వాత ఒకేసారి నాలుగు ప్లేట్లొచ్చి నీళ్ళ గ్లాసు పెట్టడానికి కూడా చోటుండదు.

సాటే తర్వాత వచ్చింది మియాంగ్ ఖామ్. ఇది మాత్రం పిన్ని, బాబాయ్ ఇద్దరి మొహాలూ వెలిగేలా చేసింది, ఎందుకంటే అది చూడ్డానికి కిళ్ళీ! నిజంగా. తమలపాకు జాతిదే ఇంకో ఆకు, అక్కడ చా ప్లూ అంటారు, తమలపాకంత ఘాటుండదు. దాన్ని దొన్నెలా మడిచి వేయించిన కొబ్బరి, అల్లం ముక్క, చిన్న ఉల్లిపాయ, పల్లీలు, తొక్కతో సహా కోసిన నిమ్మకాయ బుల్లి ముక్క, పచ్చిమిర్చి, ఎండు రొయ్య పెట్టి, పైన బెల్లం పాకంలాంటి సాసు వేసి మొత్తం ఒకేసారి నోట్లో పెట్టుకోవాలి. ఖామ్ అంటే ముద్ద అనేట, ఒక్క ముద్దలో తినేది. ఇక్కడ ఆ ఆకు దొరక్కేమో మామూలు తమలపాకే పెట్టారు, నా లెక్కలో అదేం తప్పు కాదు. బాబాయ్ నములుతూ కళ్ళు మూసుకుని, "ఇది భోజనం తర్వాత రావాలి కదే, ముందే పెట్టారేంటి" అన్నాడు. అయిదు ఆకులొచ్చాయి, ఆ రోజు మొత్తానికి మా తలకాయల లెక్కకి సరిపోయిన ప్లేటు అదొక్కటే.

ఆ తర్వాత సోమ్ తమ్, పచ్చి బొప్పాయి సలాడ్. పిన్ని ముందు వాసన చూసింది, తర్వాత స్పూనుతో కెలికింది, "ఎండు రొయ్యలు" అంది, "పల్లీలు" అంది, "బొబ్బర్ల కాయలు పచ్చివే వేసాడు" అంది, ఇంక్వెస్ట్ చేసినట్టు. ఇది రోట్లో దంచేదే పిన్నీ అంటే అప్పుడు ఆసక్తి వచ్చింది. థాయ్‌లాండ్ ఈశాన్యంలో ఈసాన్ అనే ప్రాంతం, లావోస్ పక్కన, ఈ వంటకి అటువైపే పుట్టిల్లు. వాళ్ళ దగ్గర రెండు రకాల రోళ్ళుంటాయి, కర్రీ పేస్టులు నూరడానికి రాతి రోలు, ఈ బొప్పాయికి మాత్రం లోతుగా ఉండే మట్టి రోలు, కర్ర రోకలి. ఎందుకంటే ఇది నలగకూడదు, కాస్త కమిలి పులుపూ ఉప్పూ పీల్చుకోవాలి అంతే. మనం కచ్చాపచ్చాగా అంటామే, అంతకంటే కూడా ఒక పిసరు తక్కువ. "అవునే, దోసకాయ పచ్చడిలో ముక్కలు ఆఖర్న వేసి రెండు పోట్లు వేస్తాం కదా, అలాగన్నమాట" అని ఆవిడే తేల్చేసింది. ఈ మాట నేను ఎక్కడా చదవలేదు గానీ సోమ్ తమ్‌ని ఇంతకంటే బాగా మన భాషలో ఎవరూ చెప్పలేరు.

కానీ రెండు స్పూన్లు తినేసరికి పిన్ని మొహం మారింది. పులుపు, తీపి, ఉప్పు, కారం నాలుగూ ఒకేసారి ఉత్తినే నోట్లో పడుతుంటే ఎవరికైనా కష్టమే. అప్పుడు అడిగింది, "బాబూ, కాస్త అన్నం ఉంటుందా?"

తమ్ముడి మొహం చూడాలి. "అమ్మా, ఇక్కడ అలా తినరు, ఇవి స్మాల్ ప్లేట్స్" అన్నాడు గొంతు తగ్గించి. మరదలు ఫోన్లో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకుంది. "మరెలా తింటార్రా, పచ్చడి ఉత్తినే నాకుతారా?" అంది ఆవిడ, గొంతేం తగ్గించలేదు. వెయిటర్ కుర్రాడిది మణిపూర్, తెలుగు నాలుగు ముక్కలు, హిందీ బాగా వచ్చు. అన్నం సాధారణంగా కర్రీతోపాటు చివర్లో తెస్తాం మేడమ్ అన్నాడు గానీ, పిన్నిని చూసి ఏమనుకున్నాడో "అభీ లాతా హూ ఆంటీ" అని వెళ్ళి రెండు గిన్నెల్లో జాస్మిన్ రైస్ తెచ్చాడు. గిన్నె 180 రూపాయలు, ఆ రేటు పిన్నికి నేను చెప్పలేదు.

ఇక్కడ నేను తమ్ముడికి ఒక మాట చెప్పాను, అక్కడ సగమే చెప్పాను, మిగతాది ఇక్కడ రాస్తున్నా. బ్యాంకాక్‌లో మా ఆఫీస్ అమ్మాయి ఒకావిడ లంచ్‌కి తీసుకెళ్ళినప్పుడు నేను కూడా వీడిలాగే ఒక్కో ప్లేటూ విడిగా ఖాళీ చేసుకుంటూ పోయా. ఆవిడ నవ్వి, ముందు నా ప్లేట్లో అన్నం పెట్టింది. మధ్యలో అన్ని గిన్నెలూ ఉంటాయి, ఒక గిన్నె నుంచి ఒకటో రెండో స్పూన్లు తీసుకుని అన్నంతో తినాలి, అదయ్యాక ఇంకో గిన్నె, అంతేగానీ ఒకేసారి ప్లేట్లో గుట్ట పోసుకోకూడదు. అన్నాన్ని వాళ్ళు ఖావ్ అంటారు, కూరలూ వేపుళ్ళూ పచ్చళ్ళూ అన్నిటికీ కలిపి కప్ ఖావ్ అంటారు, అంటే "అన్నంతో" అని అర్థం. పేరులోనే ఉంది చూడండి, అన్నం లేకపోతే వాటికి పేరే లేదు. భోంచేయడం కూడా కిన్ ఖావ్, అన్నం తినడం. మనం ఫోన్ ఎత్తగానే తిన్నావా అంటామే, అలాగే వాళ్ళూ పలకరింపుగా అన్నం తిన్నావా అనడుగుతారు. బళ్ళ మీద కొనుక్కునే చిరుతిళ్ళు వేరే సంగతి, అవి విడిగానే తింటారు, సోమ్ తమ్ కూడా ఈసాన్‌లో మామూలు అన్నంతో కాదు, జిగురు అన్నంతో తింటారు, అదీ చేత్తో ఉండ చేసి అద్దుకుని. అంటే ఆ టేబుల్ దగ్గర ఆ దేశం పద్ధతికి దగ్గరగా తిన్నది ఎవరయ్యా అంటే, స్పూను పక్కన పెట్టేసి చేత్తో అన్నంలో బొప్పాయి నంచుకున్న మా తెనాలి పిన్ని. తమ్ముడేమో చాప్‌స్టిక్స్‌తో కుస్తీ పడుతున్నాడు. అన్నట్టు అక్కడ చాప్‌స్టిక్స్ నూడిల్ సూపులాంటి వాటికే, మిగతాదంతా స్పూను ఫోర్కే, ఫోర్కుతో స్పూనులోకి తోసుకుని తింటారు. ఈ రెస్టారెంట్ వాళ్ళు ప్రతి ప్లేటు పక్కనా ఎందుకు పెట్టారో, ఫొటో కోసమే అయ్యుంటుంది.

అన్నం వచ్చాక టేబులే మారిపోయింది. అప్పటిదాకా ముక్కలు లెక్కపెట్టుకుంటున్న వాళ్ళం లెక్క మానేసాం. ఇది నిజంగా విచిత్రం, అదే చిన్న ప్లేటు, అదే అయిదుగురు, కానీ అన్నంలోకి కలుపుకునేది అనేసరికి రెండు స్పూన్లు కూడా సరిపోతాయి. గ్రీన్ కర్రీ గిన్నె మన టీ కప్పంత ఉంది, అది అయిదుగురికీ వచ్చింది! ఉత్తినే అయితే ఒక్కడికి చాలదు.

తోమ్ యమ్ సూపుని బాబాయ్ ఒక్క ముక్కలో కొట్టేసాడు, "నిమ్మగడ్డి చారు". ఆ చారుకి 2024లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చోటు దొరికింది బాబాయ్ అంటే, "మరి మన ఉలవచారు సంగతి కనుక్కోమను" అన్నాడు. తర్వాత అందులో తేలుతున్న ముక్క ఒకటి అల్లమనుకుని పరపరా నమిలేసి కాసేపు మాట్లాడలేదు. అది గలంగల్, మన దగ్గర దుంపరాష్ట్రం అంటారు, పిన్ని వెంటనే గుర్తుపట్టింది, చిన్నప్పుడు దగ్గొస్తే అరగదీసి తేనెలో నాకించేవాళ్ళట. నిమ్మగడ్డి కాడలు, ఆ దుంప, నిమ్మాకులు ఇవన్నీ వాసన దిగడానికే, తినేవి కావు, కరివేపాకు పక్కన పెట్టినట్టు పెట్టేయాలి. ఇది మెనూలో ఒక లైను రాస్తే వీళ్ళ సొమ్మేం పోతుందో.

కారం విషయం. ఆర్డర్ తీసుకునేటప్పుడు స్పైస్ లెవెల్ అడిగితే బాబాయ్ ఛాతీ విరిచి "గుంటూరు జిల్లా" అన్నాడు, వాడు అది లెవెల్ అనుకున్నాడో ఏమో. తీరా వచ్చినవన్నీ తియ్యగా ఉన్నాయి, హైదరాబాద్‌లో చాలా థాయ్ చోట్ల నాకు ఇదే కంప్లైంటు, ఎవరికి భయపడి పంచదార దంచుతారో తెలీదు. ఇంకాస్త కారం కావాలంటే చిన్న గిన్నెలో చేపల సాసులో తరిగిన చిట్టి మిరపకాయలు వేసి తెచ్చారు. ఆ మిరపకాయ పేరు ఫ్రిక్ ఖీ నూ, అంటే ఎలుక పెంటికల మిరప, సైజు చూసి పెట్టిన పేరు. మన గుంటూరు సన్నం మిరప, కారాన్ని కొలిచే స్కోవిల్ లెక్కలో 35 నుంచి 40 వేలు అంటారు, ఇది 50 వేల నుంచి లక్ష దాకా పోతుంది. బాబాయ్ అర స్పూను అన్నంలో కలుపుకున్నాడు. ఏం జరిగిందో నేను రాయను, పెద్దాయన. రెండు దేశాలకీ మిరపకాయ మనది కాదు, అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు ఓడలెక్కి వచ్చిందే, అయినా దాని మీద పౌరుషాలు మాత్రం మనవి.

ఆ చేపల సాసు వాసనకి మరదలు ముక్కు మూసుకుంటే వెయిటర్ కుర్రాడు నవ్వి, మా ఇంట్లో ఙారి అని పులియబెట్టిన చేప ఉంటుంది, దాని ముందు ఇదెంత అన్నాడు. పిన్ని, "మా ఊళ్ళో ఎండు చేపలు కాలుస్తుంటే ఈవిడ వీధి చివరే ఆగిపోతుంది బాబూ" అంది తెలుగులో, వాడికి ఏమర్థమైందో గానీ ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. ఆ తర్వాత మా టేబుల్‌కి అన్నం అడక్కుండానే వచ్చింది.

ఇక తులసి చికెన్. మెనూలో ఫట్ కప్రావ్ అని, కింద బేసిల్ చికెన్ అని రాసుంది, ఖీమాలా కొట్టిన చికెన్, వెల్లుల్లి, మిరపకాయలు, ఆకు, పైన అంచులు కరకరలాడే గుడ్డు. అన్నంలో కలిపితే అద్భుతం, పిన్ని రెండోసారి వేసుకుంది. "ఈ ఆకేంటే?" అంది. బేసిల్ పిన్నీ, అదో రకం ఆకుకూర అన్నాను. అబద్ధం కాదు, ఇక్కడ వేసింది సోంపు వాసనొచ్చే తీపి బేసిల్, నాలుకకి తెలిసిపోతుంది. కానీ అసలు కప్రావ్ అంటే ఏ ఆకో తెలుసా, మన తులసే. మన ఇంటి ముందు కోటలో ఉండే తులసి, తీర్థంలో వేసే తులసి, ఆ మొక్కనే వాళ్ళు దోసిళ్ళతో తుంపి చికెన్‌లో, పోర్క్‌లో వేస్తారు, పెనం వేడికి ఆ లవంగం ఘాటు లేస్తుంది చూడండి, అది ఈ సోంపు ఆకుకి వెయ్యి జన్మలకీ రాదు. అంటే రుచి ప్రకారం ఈ రెస్టారెంట్ వాడు చేసింది తప్పు, పిన్ని ప్రకారం వాడు పుణ్యాత్ముడు. మా బాల్కనీలో కుండీ నిండా ఉంది, నాలుగుసార్లు కత్తెర పట్టుకెళ్ళి వెనక్కొచ్చేసా, చెయ్యి రాలేదు. ఈ పేరా పిన్నికి ఎవరూ చదివి వినిపించకండి దయచేసి.

పాడ్ థాయ్ నూడిల్స్ కూడా చెప్పాం, బాగానే ఉంది, అంతకంటే ఏం లేదు. చింతపండు వేస్తారు కాబట్టి మనకి నచ్చుతుంది. దేశం పేరు సయాం నుంచి థాయ్‌లాండ్ అని 1939లో మార్చారే, ఆ ప్రధాని ఫిబున్ హయాంలోనే ప్రభుత్వం జనాన్ని నూడిల్స్ తినండి అని ప్రచారం చేసింది, పాడ్ థాయ్ దేశమంతా పాకింది ఆ ఊపులోనే. సర్కారు వారి వంట అన్నమాట, అందుకేనేమో నాకెప్పుడూ కొంచెం పద్ధతిగా అనిపిస్తుంది.

చివర్లో మ్యాంగో స్టిక్కీ రైస్. జూన్ ఆఖరు, మామిడి వెళ్ళిపోయే టైము, బంగినపల్లి ముక్కలు ఆరు, పక్కన కొబ్బరిపాలలో నానిన జిగురు అన్నం, పైన ఉప్పగా చిక్కటి కొబ్బరిపాలు. మామిడిపండుతో అన్నమా అని వీళ్ళు ఆశ్చర్యపోతారని మరదలు వీడియో ఆన్ చేసి కూర్చుంది పాపం. మా ఇళ్ళలో ఎండాకాలం మొత్తం పెరుగన్నంలో మామిడిపండు ముక్క కొరుక్కునే తింటాం, బాబాయ్ ఏమాత్రం చలించకుండా "పెరుగు బదులు కొబ్బరిపాలు, సరే" అని లాగించేసాడు. వీడియో డిలీట్ అయిపోయింది.

బిల్లు 5,240. సర్వీస్ ఛార్జ్ వేసారు, తమ్ముడు తీయించేసి, అంతకి కొంచెం ఎక్కువే ఆ మణిపూర్ కుర్రాడి చేతిలో పెట్టాడు. ఇంతకుముందు ఆఫీస్ వాళ్ళతో ఇలాంటి చోటికి వెళ్ళినప్పుడల్లా ఇంటికొచ్చి ఫ్రిజ్ తీసి పెరుగన్నం తిన్న చరిత్ర నాది, ఆ రోజు మాత్రం కేబుల్ బ్రిడ్జి దాటేసరికి వెనక సీట్లో ఇద్దరూ నిద్రపోయారు.

రెండు వారాలయ్యాక ఫ్యామిలీ గ్రూపులో పిన్ని ఫొటో పెట్టింది. రోలు, రోట్లో పచ్చి బొప్పాయి కోరు, బొబ్బర్ల కాయలు, వేయించిన ఎండు రొయ్యలు, పల్లీలు, పక్కన సగం కోసిన నిమ్మకాయ, తాటి బెల్లం ముక్క. ఆ తాటి బెల్లం చూసి నేను కూర్చున్న చోట లేచి నిలబడ్డా, ఎందుకంటే అక్కడ కూడా దీంట్లో వేసేది అలాంటి బెల్లమే, ఫెచ్చబురి అనే ఊరు తాటి బెల్లానికి పేరు, ఆ సంగతి నేను పిన్నికి చెప్పనే లేదు. కింద మెసేజ్, "దొడ్లో కాయ. ఆ హోటల్లో 425 తీసుకున్నాడు దీనికి. మీ బాబాయ్ నెయ్యేసుకుని తింటున్నాడు."

తమ్ముడు వెంటనే, "అమ్మా దాంట్లో నెయ్యి వెయ్యరు" అని కొట్టాడు.

అయిదు నిమిషాలకి బాబాయ్ నుంచి ఖాళీ కంచం ఫొటో వచ్చింది.